నడుస్తున్న సర్వర్‌ను ఎందుకు కెలుకుడు?

నల్లగొండ, మిర్యాలగూడ, అప్పుడప్పుడు మహబూబ్‌నగర్ దాకా తిరిగి చిన్న ఆఫీసుల సర్వర్లు చూసుకోవడం నా పని. చిన్నవంటే నిజంగానే చిన్నవి. జూనియర్ కాలేజీ ఆఫీసు రూములో బీరువా పక్కన ఒక డబ్బా, రైస్‌మిల్లు కాంటా రూములో ఊక దుమ్ము పట్టిన ఇంకో డబ్బా, డయాగ్నస్టిక్ సెంటర్ రిసెప్షన్ బల్ల కింద కాళ్లకు తగిలే మరొకటి. వీటిలో దేన్ని చూపించి "దీనికి కొత్త వెర్షన్ ఎక్కించాలి సార్" అన్నా ముందు వచ్చే మాట ఒకటే: "మంచిగనే నడుస్తున్నది గదా, ఎందుకు కెలుకుడు?"

ఈ మాట అనేవాళ్లను తెలివితక్కువవాళ్ల కింద జమకట్టడం కంప్యూటర్ పని చేసేవాళ్లలో ఒక అలవాటు. నాకు అలా అనిపించదు. వాళ్లు ఊరికే అనడం లేదు. శనివారం రాత్రి ఎవరో వచ్చి ఏదో ఎక్కించి తెల్లారి బస్సుకు వెళ్లిపోతారు, సోమవారం పొద్దున ఫీజు కౌంటర్ ముందు తల్లిదండ్రులు లైన్ కట్టి నిలబడి ఉంటే స్క్రీన్ మీద తెల్ల పేజీ తప్ప ఏమీ రాదు, ఎక్కించిన మనిషి ఫోన్ ఎత్తడు. ఇలాంటివి ఒకటో రెండో చూసినవాళ్లే ఆ మాట అంటారు. భయం సరైనదే. ఆ భయంతో వాళ్లు తీసుకునే నిర్ణయంతోనే నా పేచీ. వాళ్లను దెబ్బతీసింది రిహార్సల్ లేకుండా చేసిన అప్‌గ్రేడ్. కానీ వాళ్లు మొత్తం అప్‌గ్రేడ్‌నే పక్కన పెట్టేశారు.

నేను చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తాను. మన సొంత డేటాతో, ఇంకో సిస్టం మీద, మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చేసి చూడనిదే అసలు సర్వర్ మీద చెయ్యి వేయకూడదు. బ్యాకప్ తీయడం, డిస్క్‌లో జాగా చూసుకోవడం, రిలీజ్ నోట్స్ (కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే వివరాలు) చదవడం, రోజు కుదుర్చుకోవడం ఇవన్నీ అవసరమే, కానీ ఇవన్నీ చేసి రిహార్సల్ ఒక్కటి మానేస్తే మీరు తయారైనట్టు కాదు.

ముందు ఆ కెలుకుడు సంగతి తేల్చుకుందాం. ముట్టుకోకుండా వదిలేస్తే సర్వర్ అలాగే ఉంటుందని మనవాళ్ల నమ్మకం. అలాగే ఉండదు. చుట్టూ ఉన్నవి కదులుతుంటాయి. ఉబుంటు అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం 18.04 వెర్షన్‌నే తీసుకోండి, మన దగ్గర కాలేజీల్లో, చిన్న ఆసుపత్రుల్లో ఇంకా నడుస్తూ కనిపిస్తుంది. దాని మామూలు సపోర్ట్ 2023 మేలో అయిపోయింది. దానితో వచ్చే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7 కు అదే సంవత్సరం అక్టోబర్‌లో తయారీదారులు చేతులు దులుపుకున్నారు. దానిలోని, వెబ్ సాఫ్ట్‌వేర్ రాసే భాష పీహెచ్‌పీ 7.2 కైతే 2020 నవంబర్‌లోనే గడువు తీరింది. ఉబుంటు ప్రో అని ఒకటి ఉంది, సొంత వాడకానికి 5 సిస్టంల దాకా ఉచితం, అది పెట్టుకుంటే సెక్యూరిటీ ప్యాచులు (లొసుగులు పూడ్చే సవరణలు) ఇంకొన్నేళ్లు వస్తాయి. మంచిదే, కొంత టైం దొరుకుతుంది. కానీ ఆ టైంలో కూడా ఏమీ చేయకపోతే దొరికి ఏం లాభం?

ప్యాచ్ వచ్చినా వేసుకోకపోతే ఏమవుతుందో 2017 లో ప్రపంచమంతా చూసింది. వానాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ వాడుకున్న విండోస్ లొసుగుకు మైక్రోసాఫ్ట్ మార్చి 14 న ప్యాచ్ ఇచ్చింది. దాడి మొదలైంది మే 12 న. మధ్యలో రెండు నెలలు. బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. వాళ్ల సిస్టంలు కూడా ముందు రోజు దాకా మంచిగనే నడిచాయి.

వైరస్‌ల మాట పక్కన పెట్టినా ఇంకో లెక్క ఉంది. ఆ డబ్బాలో ఉన్న హార్డ్ డిస్క్ శాశ్వతం కాదు, పవర్ సప్లై అసలే కాదు. అది ఏదో ఒక రోజు పోతుంది. పోయిన రోజు కొత్త సిస్టం కొంటారు, కొత్త బోర్డు మీద పాత వెర్షన్ నెట్‌వర్క్ కార్డునే గుర్తుపట్టకపోవచ్చు, అప్పుడు ఎలాగూ కొత్త వెర్షనే ఎక్కించాలి. అంటే ఇన్నేళ్లు వద్దనుకున్న అప్‌గ్రేడ్ చేయక తప్పదు, అది కూడా హాల్ టికెట్లు ప్రింట్ తీయాల్సిన వారంలో, ఏ తయారీ లేకుండా, పది మంది వెనకాల నిలబడి "అయిందా, అయిందా" అంటుండగా. రోజు మనం ఎంచుకోకపోతే డిస్క్ ఎంచుకుంటుంది.

అయితే ఒక విషయంలో కెలకొద్దనే వాళ్లతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కొత్తది వచ్చిందని వచ్చిన వారమే ఎక్కించడం ఉత్త తొందరపాటు. ఉబుంటు వాళ్లే ఒక ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి సపోర్ట్ ఉండే వెర్షన్) నుంచి ఇంకో ఎల్‌టీఎస్‌కు మారమని మామూలుగా అడిగేది కొత్తదానికి మొదటి పాయింట్ రిలీజ్, అంటే తొలి తప్పులు సరిదిద్దిన విడత, వచ్చాకే. 24.04 వెర్షన్ 2024 ఏప్రిల్‌లో వస్తే 24.04.1 ఆగస్టులో వచ్చింది. చేసినవాళ్లే నాలుగు నెలలు ఆగమంటుంటే మనకేం తొందర? అలాగే ఏది ఎక్కించినా దాని గడువు ముందే చూసుకోవాలి, ఆ గడువును కూడా గుడ్డిగా నమ్మకూడదు. సెంట్ఓఎస్ 8 అనే ఇంకో లైనక్స్‌ను 2029 దాకా ఉంటుందని నమ్మి ఎక్కించుకున్నవాళ్లకు 2020 డిసెంబర్‌లో కబురొచ్చింది, 2021 చివరికే ఆపేస్తున్నామని. దాని బదులు వాడే ఆల్మాలైనక్స్, రాకీ లైనక్స్ పుట్టింది ఆ దెబ్బకే.

సరే, తయారీకి వద్దాం. మొదటి పని కంప్యూటర్ ముందు కూర్చుని చేసేది కాదు. ఆ డబ్బా అసలు ఏమేం పనులు చేస్తుందో తెలిసిన మనిషిని పట్టుకోవాలి. ఓనర్‌కు తెలియదు, ప్రిన్సిపల్‌కు తెలియదు, సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన హైదరాబాద్ కుర్రాడు ఇప్పుడు వేరే కంపెనీలో ఉంటాడు. తెలిసింది క్లర్క్‌కు. "అన్నా, పొద్దున తొమ్మిదింటికి దానంతట అదే మెసేజ్‌లు పోతయి, పేరెంట్స్‌కు" అని ఆయన చెప్పిన ఒక్క మాటతో, ఎవరో ఒక యూజర్ పేరు మీద దాక్కుని ఉన్న క్రాన్ జాబ్, అంటే టైం ప్రకారం దానంతట అదే నడిచే పని, బయటపడుతుంది. మామూలుగా అందరూ డేటాబేస్, వెబ్ ఫోల్డర్, సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ కాపీ చేసుకుంటారు. యూజర్ల క్రాన్‌టాబ్‌లు (ఆ పనుల జాబితాలు) వార్ స్పూల్ ఫోల్డర్ కింద ఉంటాయి, అవి మర్చిపోతారు. కొత్త సర్వర్ చక్కగా లేస్తుంది, మెసేజ్‌లు మాత్రం పోవు, ఎవరూ గమనించరు, నెల తర్వాత "మాకు ఫీజు మెసేజే రాలేదు" అని ఒక తండ్రి వచ్చి గొడవ పెట్టుకున్నప్పుడు తెలుస్తుంది.

డబ్బా వెనక భాగం కూడా చూడాలి, ఏ వైర్లు గుచ్చి ఉన్నాయో. మిల్లులో కాంటా బరువు సీరియల్ కేబుల్ మీద సిస్టంలోకి వస్తుంది, మధ్యలో యూఎస్‌బీకి మార్చే చిన్న కన్వర్టర్ ఉంటుంది. ఆ కన్వర్టర్‌లో పాతకాలం చిప్ ఉంటే విండోస్ 11 లో డివైస్ మేనేజర్ తెరిస్తే, ఈ చిప్ 2012 నుంచే ఆపేశాం, అమ్మినవాళ్లను అడగండి అని రాసి ఉంటుంది. ఎంత మంచి సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా బరువే రాకపోతే లారీ గేటు దాటదు. కొత్త కేబుల్‌కు అయ్యే ఖర్చు పెద్దదేం కాదు, కానీ ఆ సంగతి ఇరవై లారీలు రోడ్డు మీద ఆగాక తెలియకూడదు.

ఇప్పుడు బ్యాకప్. దీని మీద అందరూ చెప్తారు కాబట్టి ఒక్క సంగతే చెప్తాను. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ లెక్కలో వేయను. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ వెబ్‌సైట్ వాళ్ల సంగతి దీనికి సరిగ్గా సరిపోతుంది. 2017 జనవరి 31 న ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్ మీదనే డేటా ఫోల్డర్ తుడిచేశాడు, దాదాపు 300 జీబీ. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే ఖాళీ. కారణం ఏంటంటే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 కు మారింది, బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ మాత్రం 9.2 దే నడుస్తోంది, వెర్షన్ కలవక ప్రతిసారీ ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయిందని చెప్పే ఈమెయిళ్లు కూడా దారిలోనే తిరస్కరణకు గురై ఎవరికీ అందలేదు. చివరికి వేరే పని మీద ఎవరో తీసి పెట్టిన ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్ (ఆ క్షణపు పూర్తి కాపీ) కాపాడింది. ఆ ఆరు గంటల డేటా పోయింది. ఇదంతా వాళ్లే విడమరిచి రాసి బయటపెట్టారు, దానికి మెచ్చుకోవాలి. నేను ఎత్తి చూపేది ఒక చిన్న ముక్క: బ్యాకప్‌ను చంపింది వెర్షన్ మార్పే. అంటే అప్‌గ్రేడ్ అయిన మరునాడు బ్యాకప్‌ను మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి, నిన్నటి దాకా పనిచేసిందనే ధీమా చెల్లదు.

రిహార్సల్‌లో అసలు ఏం బయటపడుతుంది అని అడుగుతారు. ఒక కాలేజీ సంగతి కొంచెం దగ్గరగా చూపిస్తాను. పైన చెప్పిన సరుకే: ఉబుంటు 18.04, మైఎస్‌క్యూఎల్ 5.7, పీహెచ్‌పీ 7.2. వెళ్లాల్సింది 24.04 కు, అందులో మైఎస్‌క్యూఎల్ 8.0, పీహెచ్‌పీ 8.3 ఉంటాయి. ఉన్నచోటనే అప్‌గ్రేడ్ చేయాలంటే ఎల్‌టీఎస్‌లు దాటవేయడానికి లేదు, 20.04, 22.04 మెట్లు ఒక్కొక్కటీ ఎక్కాలి. ఇలాంటి చిన్న డబ్బాలకు ఆ పద్ధతి నాకు నచ్చదు. కొత్త ఎస్ఎస్‌డీ కొని దాని మీద శుభ్రంగా కొత్తది ఎక్కించి, పాత డిస్క్ ముట్టుకోకుండా తీసి బీరువాలో పెట్టడమే మేలు. వెనక్కి వెళ్లాలంటే పాత డిస్క్ తగిలిస్తే చాలు.

రిహార్సల్‌కు ల్యాబ్‌లో మూలన పడేసిన డెస్క్‌టాప్ ఒకటి తీసుకున్నాం. దాని మీద 24.04 ఎక్కించి, కాలేజీ బ్యాకప్ నుంచి డంప్ (డేటాబేస్ మొత్తాన్ని దించిన ఫైలు) తీసుకుని లోడ్ చేశాం. ఒక్క ఎర్రర్ లేకుండా ఎక్కింది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. లాగిన్ అయి అడ్మిషన్ల పేజీ తెరిస్తే ఎర్రర్ 1064, 'గ్రూప్స్' అన్న పదం దగ్గర సింటాక్స్ (కమాండ్ రాసిన తీరు) తప్పు అని. ఇంటర్ కాలేజీ సాఫ్ట్‌వేర్‌లో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ పెట్టే టేబుల్‌కు గ్రూప్స్ అని కాక ఇంకేం పేరు పెడతారు? మైఎస్‌క్యూఎల్ 8.0 లో ఆ పదాన్ని తన సొంతానికి రిజర్వ్ చేసుకుంది. 'ర్యాంక్' కూడా అంతే. పరీక్షల పేజీలో ర్యాంక్ అనే కాలమ్ ఉంది, అదీ పోయింది. డంప్ ఎందుకు ఎక్కిందంటే, డంప్ తీసే ప్రోగ్రామ్ ప్రతి పేరుకూ అటూ ఇటూ బ్యాక్‌టిక్ గుర్తులు పెడుతుంది, ఆ గుర్తులుంటే రిజర్వ్ పదమైనా చెల్లుతుంది. సాఫ్ట్‌వేర్ రాసినతను పెట్టలేదు. మైఎస్‌క్యూఎల్ షెల్‌లో అప్‌గ్రేడ్ చెకర్ అని ఒకటుంది, టేబుళ్ల పేర్లలో ఇలాంటివి ముందే పట్టిస్తుంది, తప్పకుండా నడపండి. కానీ అది మీ పీహెచ్‌పీ ఫైళ్లలోకి తొంగి చూడదు. రిలీజ్ నోట్స్‌లో కొత్త రిజర్వ్ పదాల జాబితా ఉంటుంది. అది చదివి 'మా టేబుల్ పేరు కూడా ఇదే కదా' అని గుర్తుకు రావాలంటే ఆ టేబుళ్లన్నీ కంఠతా వచ్చి ఉండాలి.

ఇది నయం, కనీసం అరిచి చెప్పింది. చప్పుడు చేయకుండా తప్పు చేసేవి వేరే ఉన్నాయి.

రిపేర్ చేసి స్టూడెంట్ల పేజీ తెరిచాం. తెలుగులో ఉండాల్సిన పేర్ల స్థానంలో నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ 'ఎ', పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ 'ఎ', మళ్లీ ఏదో గుర్తు, వరసగా. ఈ రోగం చూసిన వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. అన్ని భాషల అక్షరాలనూ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకు, దేనికైనా మూడు బైట్లు పడతాయి. వాటిని ఇంగ్లిష్ లాంటి లిపికే సరిపోయే పాత లాటిన్-1 కళ్లజోడుతో చదివితే మొదటి బైటు ఆ 'ఎ' లాగా, రెండోది డిగ్రీ గుర్తు లాగానో ప్లస్ మైనస్ గుర్తు లాగానో కనిపిస్తుంది. పాత సర్వర్‌లో టేబుళ్లు లాటిన్-1 లో ఉన్నాయి, కనెక్షన్ కూడా లాటిన్-1 లోనే ఉంది. రెండు తప్పులూ ఒకదానికొకటి సరిపోయి ఏళ్లుగా తెలుగు చక్కగా కనిపించింది. మైఎస్‌క్యూఎల్ 8.0 లో డిఫాల్ట్ యూటీఎఫ్-8 ఎంబీ4 (యూటీఎఫ్-8 పూర్తి రూపం) అయింది. సర్వర్ ఏ ఎన్‌కోడింగ్ చెప్తే దాన్నే పీహెచ్‌పీ కనెక్షన్ పట్టుకుంది. ఒక తప్పు సరిదిద్దుకుంది, రెండోది అలాగే మిగిలింది.

పాత పేర్లు చెడినట్టు కనిపించినా బైట్లు భద్రంగా ఉన్నాయి, వాటిని మళ్లీ మామూలు చేయొచ్చు: కాలమ్‌ను ముందు బైనరీకి, అక్కడి నుంచి యూటీఎఫ్-8 ఎంబీ4 కు మార్చితే అక్షరాలు తిరిగొస్తాయి. ప్రమాదమంతా కొత్త పేర్లకే. కొత్త కనెక్షన్ మీద తెలుగు పేరు టైప్ చేసి ఆ లాటిన్-1 కాలమ్‌లోకి పంపితే, స్ట్రిక్ట్ మోడ్ (సరిపోని డేటాను తిప్పికొట్టే సెట్టింగ్) లేకపోతే, వరసగా ప్రశ్నార్థకాలు పడతాయి. అవి ఇక పేర్లు కావు. ఎవరూ తిరిగి తేలేరు. అడ్మిషన్ల సీజన్‌లో ఒక పూట ఇలా నడిస్తే ఎన్ని ఫారాలు మళ్లీ తిరగేసి ఎంట్రీ కొట్టాలో ఆలోచించండి.

ఇదే తవ్వుతుంటే ఇంకోటి తగిలింది. తండ్రి పేరు కాలమ్ 30 అక్షరాలకు పెట్టారు. లాటిన్-1 లో 30 అంటే 30 బైట్లు, తెలుగులో పది గుర్తులు. 'వెంకటేశ్వర్లు' రాస్తే గుణింతాలూ వత్తులూ కలిపి 13 గుర్తులు, 39 బైట్లు. పాత సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్ ఆపేసి ఉండటంతో అది నోరు మెదపకుండా తోక కత్తిరించి 'వెంకటేశ్వర' అని దాచుకుంది. మన నల్లగొండ జిల్లాలో వెంకటేశ్వర్లులు ఎంతమందో చెప్పనక్కర్లేదు. సైదులు, అంజయ్యలు బతికిపోయారు, పేరు చిన్నది కాబట్టి. దీన్ని అప్‌గ్రేడ్ తేలేదు, ఎప్పటి నుంచో ఉన్న రోగమే. కానీ కొత్త సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది కాబట్టి ఇక కత్తిరించదు, పేరు పొడుగైందని ఫారమే తీసుకోదు. తెలియక సీజన్‌లో ఎదురైతే దాన్ని అప్‌గ్రేడ్ ఖాతాలోనే రాసేవాళ్లు. పుట్టిన తేదీ తెలియనిచోట అన్నీ సున్నాలు పెట్టిన రికార్డులకూ స్ట్రిక్ట్ మోడ్ ఇదే విధంగా అడ్డం తిరుగుతుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది పీహెచ్‌పీలోని ఒక చిన్న మార్పు. పీహెచ్‌పీ 7 లో సున్నా అనే అంకెనూ ఏమీ రాయని ఖాళీ స్ట్రింగ్‌నూ పోలిస్తే రెండూ సమానమే అనేది. 8 నుంచి కాదంటుంది. కొత్త పద్ధతే సరైనది, వాదన లేదు. ఈ సాఫ్ట్‌వేర్‌లో మొత్తం ఫీజులోంచి కట్టింది తీసేసి, మిగిలిన బకాయి ఖాళీతో సమానమైతేనే హాల్ టికెట్ బటన్ చూపించమని రాసి ఉంది. పాత సర్వర్‌లో ఫీజు మొత్తం కట్టినవాళ్లకు బటన్ వచ్చేది. కొత్తదానిలో బకాయి సున్నా అయినా అది ఖాళీ కాదు కాబట్టి బటన్ రాదు. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క లైను లేదు, పేజీ అందంగా తెరుచుకుంటుంది. దీన్ని కనిపెట్టింది నేను కాదు, పక్కన కూర్చున్న క్లర్క్. "ఈ పిల్ల మొత్తం కట్టేసింది సార్, నేనే రసీదు రాసిన, బటన్ ఎందుకు రాలే?" అన్నాడు. పేరు చూడగానే ఆ పిల్ల ఫీజు సంగతి ఆయనకు తెలుసు. నాకు తెలిసే అవకాశమే లేదు.

అందుకే రిహార్సల్‌కు నేను పెట్టే షరతు ఒకటుంది: రోజూ ఆ సాఫ్ట్‌వేర్ వాడే మనిషి వచ్చి కూర్చుని, రోజూ చేసే పనులన్నీ వరసగా చేయాలి. అడ్మిషన్ ఒకటి, ఫీజు రసీదు ఒకటి, టీసీ ఒకటి, మార్కుల మెమో ఒకటి, ప్రింట్ తీసి కాగితం చేతిలో పట్టుకుని పాత కాగితంతో పక్కపక్కన పెట్టి చూడాలి. లాగిన్ పేజీ వచ్చింది కాబట్టి అంతా అయిపోయిందనుకునే వాళ్లతో నాకు పడదు.

ఒక జాగ్రత్త చెప్పడం మర్చిపోయేలా ఉన్నాను. రిహార్సల్ సిస్టం మీద అసలు డేటా ఉంటుంది, అసలు క్రాన్ జాబులు కూడా ఉంటాయి. దాన్ని నెట్‌కు తగిలించి వదిలేస్తే తెల్లారి తొమ్మిదింటికి అది కూడా బుద్ధిగా పేరెంట్స్‌కు ఫీజు మెసేజ్‌లు పంపుతుంది, అందరికీ రెండేసి వెళ్తాయి. ముందు మెసేజ్‌లు పంపే సర్వీస్ కీ (పాస్‌వర్డ్ లాంటిది) తీసేయాలి, క్రాన్ ఆపేయాలి, ఆ తర్వాతే మిగతా పని. పని అయ్యాక ఆ డిస్క్ తుడిచేయాలి. పిల్లల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉన్న డిస్క్‌ను ల్యాబ్‌లో అలా పడేయడం ఎంత తప్పో వేరే చెప్పాలా?

క్లౌడ్‌లో పెడితే ఈ గోలంతా ఉండదు కదా అని మహబూబ్‌నగర్‌లో ఒక మిత్రుడు ఎప్పుడూ వాదిస్తాడు. కరెంటు పోవడం, డిస్క్ పోవడం లాంటి బాధలు తప్పుతాయి, ఒప్పుకుంటాను. వెర్షన్ బాధ తప్పదు. అమెజాన్ అద్దెకిచ్చే డేటాబేస్ సర్వీస్ ఆర్‌డీఎస్‌లో మైఎస్‌క్యూఎల్ 5.7 ను అలాగే ఉంచుకోవాలంటే 2024 మార్చి నుంచి ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ పేరుతో అదనంగా కట్టాల్సి వచ్చింది. అంటే అక్కడ కెలకకుండా కూర్చుంటే బిల్లు వస్తుంది. గ్రూప్స్ టేబుల్ అక్కడికి తీసుకెళ్లినా గ్రూప్స్ టేబులే.

ఇక రోజు, టైం. రాత్రి చేయడం అనే ఆచారం మనకు పెద్ద కంపెనీల నుంచి వచ్చింది. అక్కడ రాత్రి షిఫ్టులో పని తెలిసినవాళ్లు పది మంది ఉంటారు. మన దగ్గర రాత్రి ఉండేది వాచ్‌మన్ ఒక్కడే. బటన్ రాలేదని చెప్పే క్లర్క్ ఇంట్లో పడుకుని ఉంటాడు, కేబుల్ కావాలంటే క్లాక్ టవర్ దగ్గర షాపులు మూసి ఉంటాయి, మనకు రెండు దాటాక బుర్ర పనిచేయదు. నేను పగలే చేస్తాను, సెలవు రోజున, పొద్దున పది గంటలకు, క్లర్క్‌ను బతిమాలి పిలిపించుకుని. కాలేజీకైతే దసరా సెలవులు ఒప్పుతాయి. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, మార్చిలో పరీక్షలు, ఆ తర్వాత ఫలితాలు, వెంటనే అడ్మిషన్లు, ఆ నెలల్లో ఎవరు అడిగినా చేయను. పైగా ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఏ నెలైనా ముందు రోజు యూపీఎస్ ప్లగ్ పీకి, లోడ్ మీద ఎంతసేపు ఆగుతుందో చూడాల్సిందే. లైట్ పచ్చగా వెలుగుతూనే ప్లగ్ పీకిన మరుక్షణం చచ్చిపోయే బ్యాటరీలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఆ రోజు చేసే పని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, రిహార్సల్‌లో రాసుకున్న కాగితం చూస్తూ పోవడమే. పాత సర్వర్‌ను ఎవరూ వాడకుండా ఆపి ఆఖరి డంప్ తీయాలి, ఆపకముందు తీస్తే మధ్యలో కొట్టిన రసీదులు గాల్లో కలుస్తాయి. సర్వర్లు ఒకటికంటే ఎక్కువుంటే అన్నీ మారాయో లేదో లెక్కపెట్టుకోవాలి. 2012 ఆగస్టు 1 న నైట్ క్యాపిటల్ అనే అమెరికా ట్రేడింగ్ కంపెనీ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ ఎక్కించి, మిగిలిన ఒక్కటి పాత కోడ్‌తో ముప్పావు గంట సేపు పిచ్చి ఆర్డర్లు పెడితే 44 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది.

అన్నిటికంటే ముఖ్యంగా వెనక్కి ఎప్పటిదాకా వెళ్లొచ్చో ముందే మాట్లాడుకోవాలి. మైఎస్‌క్యూఎల్ 8.0 తెరిచిన డేటా ఫోల్డర్‌ను 5.7 మళ్లీ తెరవలేదు. పాత డిస్క్ బీరువాలో ఉంది కదా అన్న ధైర్యం కూడా కొత్త సర్వర్ మీద మొదటి నిజమైన రసీదు కొట్టేదాకానే. ఆ తర్వాత పాతది తగిలిస్తే ఆ రసీదులన్నీ చేత్తో మళ్లీ ఎక్కించాలి. అందుకని ప్రిన్సిపల్‌తో ముందే ఒప్పందం: మధ్యాహ్నం మూడింటికి క్లర్క్ సరే అంటే కౌంటర్ తెరుస్తాం, అనకపోతే పాత డిస్క్ తగిలించి ఇంటికి వెళ్తాం, ఇంకో గంట ఇవ్వండి అని నేను అడిగినా ఇవ్వొద్దు.

డబ్బుల దగ్గర ఎప్పుడూ పేచీ వస్తుంది. ఎస్టిమేట్‌లో రిహార్సల్ అని ఒక లైన్ చూసి "ఇది తీసేయి, డైరెక్ట్‌గా చేసెయ్యి, నీకు వచ్చు గదా" అంటారు. ఆ లైన్ తీస్తే పని ఒప్పుకోను. కావాలంటే ఎక్కించే చార్జీ తగ్గించుకోండి అంటాను, అది నిజంగానే ఒక పూట పని. కష్టమంతా ఆ మూలన పడ్డ డెస్క్‌టాప్ దగ్గరే ఉంటుంది. ఈ బేరంలో కొందరు వేరేవాళ్లను పెట్టుకున్నారు. పెట్టుకోనీ.

మిర్యాలగూడ మిల్లు ఓనర్ మాత్రం చాలాకాలం కెలుకుడు వద్దని, ఇప్పుడు దారికొచ్చాడు. ఆయనకు దసరా కుదరదు, ఆ వెనకే వానాకాలం వడ్లు దిగుతాయి. ఏప్రిల్, మే యాసంగి పంట. ఆగస్టు ఖాళీ. కాంటా కేబుల్ కొత్తది తెప్పించి పెట్టాం. రిహార్సల్ రోజు పాత సిస్టం, కొత్త సిస్టం రెండూ కాంటా రూములో పక్కపక్కన పెట్టి, ఖాళీ లారీ ఒకసారి, నిండు లారీ ఒకసారి ఎక్కించి, రెండు స్లిప్పుల్లో బరువు కిలోతో సహా కలుస్తుందో లేదో చూడాలి. లారీ ఆయనే ఇస్తానన్నాడు, డీజిల్ మాత్రం నా ఎస్టిమేట్‌లో వేసుకొమ్మన్నాడు.